ముందు నీళ్ల లెక్క, తర్వాత విత్తనం

ఇంటి కాడ కూరగాయలు పెంచాలనుకునే కొత్తవాళ్ల కోసం

సోలాపూర్‌ల మన బస్తీలల్లో ఇప్పుడు ఏ ఇంటి ముందు చూసినా రెండు మూడు కుండీలు కనబడుతున్నయి. తులసి, గులాబీ, కరివేపాకు ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు కొందరు టమాట, వంకాయ, మిరప కూడా పెడుతున్నరు. మంచిదే. కానీ వానకాలంలో పచ్చగా ఉన్న కుండీలల్ల సగం ఎండకాలం వచ్చేసరికి ఖాళీ అయితయి. "మా చెయ్యి మంచిది కాదు, మొక్క పెడితే బతకదు" అని మన ఆడవాళ్లు అంటుంటరు. చెయ్యి మంచిదా చెడ్డదా అన్నది కాదు సంగతి. మొక్కకు కావాల్సింది తెలిస్తే ఎవరి చెయ్యి అయినా మంచిదే.

ఎక్కువమంది విత్తనంతో మొదలుపెడతరు. బజారుకు పోతరు, పాకెట్ మీద ఎర్రటి టమాట బొమ్మ చూసి కొంటరు. మన ఊళ్ల మొదలుపెట్టాల్సింది నీళ్లతో. రెండోది మట్టితో. విత్తనం మూడోది. ఈ వరుస తప్పకుంటే, ఎన్నడూ పార పట్టనివాళ్లు కూడా నెల రోజులల్ల ఇంట్ల పెంచిన కూర వండుకోవచ్చు.

ఎందుకు పెంచాలె?

మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కు నుంచి వచ్చినోళ్లు. ఇక్కడ జూనీ మిల్లు 1877లో మొదలైంది. దాని వెనుక ఇంకొన్ని మిల్లులు, ఆ తర్వాత పవర్‌లూమ్‌లు వచ్చినయి. ఊళ్ల ఉన్నప్పుడు ఇంటి వెనుక దొడ్డి ఉండేది, గుడిసె మీదికి సొర తీగ పాకేది. చాళ్‌ల ఒక్క అర్ర దొరికినంక దొడ్డి పోయింది. దొడ్డితో పాటు ఆ పని కూడా చేతులల్ల నుంచి పోయింది. ఇప్పుడు మన పిల్లలకు పుంటికూర మొక్క చూపిస్తే గుర్తుపట్టరు, కట్ట చూపిస్తేనే గుర్తుపడతరు.

రెండో సంగతి పైసలు. పీఎఫ్ కింద వచ్చే కనీస పింఛను 2014 నుంచి నెలకు 1,000 రూపాయలే. మిల్లుల, కార్ఖానాల పనిచేసి దిగినోళ్లల్ల దాని మీదనే ఆధారపడ్డోళ్లు ఎందరో ఉన్నరు. పైసలు తక్కువైతే ఇంట్ల ముందు తగ్గేది ఏంది? బియ్యం తగ్గవు, జొన్నలు తగ్గవు, చాయ్ తగ్గదు. కూరగాయలు తగ్గుతయి. కూరగాయలల్ల కూడా ఆకుకూర ముందు తగ్గుతది, ఎందుకంటే కట్ట విప్పి ఉడకబెడితే గిన్నె అడుగుకు పోతది, నలుగురికి చాలదు.

ఆ తగ్గుడు ఎవరి మీద పడుతది? పొద్దంతా కూసొని వెయ్యి బీడీలు చుట్టే ఆడమనిషి మీద. ఒంట్ల రక్తం తక్కువని ఆమెకే డాక్టరు చెప్తడు. తోటకూర, మెంతికూర లాంటివాటిల్ల ఇనుము ఉంటది. మీద నిమ్మకాయ పిండుకుంటే అది ఒంటికి ఇంకా బాగ పడుతది. తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం సగం దక్కకుండా పోతది, ఒక గంట ఆగి తాగాలె. డాక్టరు ఇచ్చిన గోలీలు మానమని కాదు ఇది. గోలీలతో పాటు కూర కూడా ఉండాలె అని.

ఇంటి తోటతో బజారు ఖర్చు మొత్తం తప్పదు. ఎవరన్నా తప్పుతదంటే నమ్మకండి. కానీ నాలుగు పొడుగాటి తొట్లు ఉంటే వారంల రెండు సార్లు ఆకుకూర, ఎప్పుడంటే అప్పుడు కొత్తిమీర, పుదీనా ఇంట్లనే దొరుకుతయి. మొదటి ఏడు ఇంత ఆశ చాలు.

నీళ్ల లెక్క

నల్లా రోజూ రాని ఊరు మనది. ఉజని నీళ్లు నాలుగైదు రోజులకోసారి వస్తయి, ఆ రోజు డ్రమ్ములు, బిందెలు, గిన్నెలు అన్నీ నింపుతం. తాగే నీళ్లు తెచ్చి మొక్కకు పోయమంటే ఎవరూ పోయరు, పోయగూడదు కూడా. కాబట్టి ముందు ఒక వారం రోజులు ఒక్క పని చేయండి. వంటింట్ల ఒక ఖాళీ బకెట్ పెట్టండి. బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అందులో పోయండి. రాత్రి అయ్యేసరికి బకెట్ ఎంతవరకు నిండిందో చూడండి. ఐదుగురు ఉన్న ఇంట్ల అర బకెట్ అయినా జమ అయితది. మీ తోట సైజు చెప్పేది ఆ బకెట్టే.

రెండు అడుగుల పొడుగు, ఒక అడుగు వెడల్పు ఉన్న ఆకుకూర తొట్టికి మామూలు రోజులల్ల ఒకటి రెండు లీటర్లు పడుతయి. మే నెలల అంతకు రెండింతలు కావాలె. దీన్ని బట్టి మీ బకెట్ నీళ్లు ఎన్ని తొట్లకు వస్తయో లెక్క కట్టండి. మూడు తొట్లకు వస్తే మూడే పెట్టండి. ఎనిమిది పెట్టి ఎండబెట్టుడు కన్న మూడు పెట్టి తినుడు మేలు.

ఈ నీళ్లు ఏ రోజువి ఆ రోజే పోయాలె, నిల్వ ఉంచితే వాసన వస్తయి. ఉప్పు వేసి ఉడకబెట్టిన నీళ్లు పోయకండి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లు ఆకుకూరకు పోయకండి, సబ్బు పొడిల ఉండే ఉప్పు మట్టిల పేరుకుంటది. ఫిల్టర్ నుంచి బయటికి వచ్చే నీళ్లల్ల, కొన్ని బోరు నీళ్లల్ల కూడా ఉప్పు ఎక్కువ. కుండీ అంచు మీద తెల్లటి పొర కడితే ఉప్పు చేరుతున్నట్టు లెక్క. ఒక మంచి వానల కుండీని బయట పెడితే ఆ ఉప్పు కిందికి కారిపోతది.

మొక్కకు నీళ్లు కావాల్నా వద్దా అన్నది వేలు చెప్తది. మట్టిల వేలు రెండు కణుపుల దాకా పెట్టండి. తడి తగిలితే పోయకండి, పొడిగా ఉంటే పోయండి. ఎండకు చచ్చేవి ఎన్నో, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లి చచ్చేవి కూడా అన్నే. రెండింటికీ ఆకు ఒక్క తీరుగనే వాలిపోతది. వాలింది కదా అని ఇంకా పోస్తే తడి మట్టిల ఉన్న మొక్క పోతది. అందుకే వేలు పెట్టి చూడాలె.

నీళ్ల విషయంలో ఇంకొక జాగ్రత్త. డెంగీ దోమ మురికి నీళ్లల్ల కాదు, మంచినీళ్లల్లనే గుడ్లు పెడతది. కుండీ కింద పెట్టే పళ్లెంల నిలిచిన నీళ్లు దానికి చాలు. గుడ్డు నుంచి దోమ అయ్యేందుకు వారం పది రోజులు పడుతది. కాబట్టి వారానికోసారి పళ్లేలు పారబోసి, అంచులు రుద్ది కడిగి, ఆరబెట్టండి. గుడ్లు అంచుకు అంటుకొని ఉంటయి, నీళ్లు పారబోస్తేనే పోవు. డ్రమ్ములకు మూత లేకుంటే పాత చీర ముక్క గట్టిగ కట్టండి.

జాగ, ఎండ, బరువు

ఆకుకూరకు రోజుకు మూడు నాలుగు గంటల ఎండ చాలు. కాయకూరకు ఆరు గంటలు కావాలె. పొద్దుగాల ఎండ వచ్చే దిక్కు అన్నిటికంటే మంచిది. మన చాళ్‌లల్ల ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటయి, ఒకరి గోడ నీడ ఇంకొకరి మీద పడుతది. ఆదివారం నాడు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు చూసి ఎండ ఎక్కడ పడుతదో గుర్తు పెట్టుకోండి. కుంభారిల 10,000 ఇళ్ల బీడీ ఘర్‌కుల్‌ల ఉండేవాళ్లకు, ఇంటి ముందు కొద్దిగ జాగ ఉంటే, నేల మీదనే మడి చేసుకోవచ్చు.

పైన పెట్టేవాళ్లు బరువు చూసుకోవాలె. తడి మట్టి మస్తు బరువు. 20 లీటర్ల డబ్బా నిండ తడి మట్టి ఉంటే 30 కిలోలు దాటుతది. పది డబ్బాలు పెడితే మూడు క్వింటాళ్లు. పత్రాల కప్పు మీద కుండీలు పెట్టనే పెట్టకండి. స్లాబ్ ఉంటే నడిమిల కాకుండ కింద గోడ ఉన్న అంచుల పొంటి పెట్టండి. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, స్లాబ్ చెమ్మ పట్టదు. కిరాయి ఇల్లు అయితే యజమానిని ముందే అడగండి. తర్వాత కిందింట్ల నీళ్లు కారినయని కొట్లాట వద్దు.

ఏ డబ్బా మంచిది, ఏది వద్దు

ఆకుకూరకు జానెడు లోతు చాలు. పాత ప్లాస్టిక్ టబ్బు, పండ్ల పెట్టెలో గోనె పరిచినది, సిమెంటు సంచి దులిపి కడిగి సగానికి మడిచినది ఏదైనా నడుస్తది. కాయకూరకు మూరెడు లోతు, 15–20 లీటర్ల డబ్బా కావాలె. అడుగున వేలు పట్టేన్ని రంధ్రాలు నాలుగైదు ఉండాలె.

మన ఊళ్ల ప్రత్యేకంగ చెప్పాల్సింది ఒకటి ఉంది. నూలుకు రంగులద్దే కార్ఖానాల నుంచి నీలం డ్రమ్ములు, తెల్ల క్యాన్లు తక్కువ ధరకు అమ్మకానికి వస్తయి. వాటిల్ల రంగు, కాస్టిక్, బ్లీచింగ్ మందు, యాసిడ్ వచ్చినయి. ఎంత కడిగినా తినే కూరకు అవి వద్దు. తాగే నీళ్లకు కూడా వద్దు. రంగు నీళ్లు పారే మోరీ పొంటి ఉన్న మట్టి కూడా తేకండి. నూనె, వంట సామాను వచ్చిన డబ్బాలైతే కడిగి వాడుకోవచ్చు.

మట్టి తయారీ

పడుగు సక్కగ లేకుంటే పేక ఎంత మంచిదైనా బట్ట రాదు. తోటకు పడుగు మట్టి. మన చుట్టూ ఉన్నది నల్లరేగడి. పొలంల అది బంగారం. కానీ కుండీల ఒట్టి నల్లమట్టి నింపితే తడిస్తే బంక అయితది, ఎండితే పగుళ్లు బారి వేర్లను తెంపుతది. అందుకే కలపాలె. మట్టి ఒక తట్ట, బాగ మాగిన పెండ ఎరువు గాని వానపాముల ఎరువు గాని ఒక తట్ట, ఇసుక గాని కొబ్బరి పొట్టు గాని ఒక తట్ట. ఎర్రమన్ను దొరికితే నల్లమట్టికి బదులు వాడండి, ఇంకా మంచిది. పిడికెడు వేపపిండి కలిపితే వేరు పురుగు తక్కువగ ఉంటది.

ఎరువు మాగిందా లేదా ఎట్ల తెలుస్తది? చేతిల పట్టుకుంటే వేడి ఉండొద్దు, పెండ వాసన రావద్దు, వాన పడ్డప్పటి మట్టి వాసన రావాలె. పచ్చి పెండ వేస్తే లోపల వేడి పుట్టి లేత వేర్లు మాడుతయి.

ఎరువు ఇంట్ల కూడా చేసుకోవచ్చు. రంధ్రాలు చేసిన మూతగల బకెట్ తీసుకొని, కూరగాయల తొక్కలు ఒక పొర, ఎండు ఆకులు గాని పల్లికాయ పొట్టు గాని ఒక పొర వేస్తూ పోండి. పైన పిడికెడు మట్టి చల్లండి. వారానికోసారి కలపండి. రెండు మూడు నెలలల్ల నల్లటి ఎరువు అయితది. వండిన అన్నం, నూనె, చేపలు, మాంసం వేయకండి. వాసన వస్తే తడి ఎక్కువైనట్టు, ఎండు ఆకు ఇంకొంత కలపండి. ఊడ్చిన దూది కూడా ఇందులో కుళ్లుతది, కానీ రంగు అంటనిది, యంత్రం నూనె తగలనిది అయితేనే వేయాలె.

మొదటి ఆరు నెలలు ఆకుకూరలే

కొత్తవాళ్లు టమాటతో మొదలుపెడితే విత్తనం నుంచి కాయ దాకా మూడు నెలలు పడుతది. నడుమ ముడత, పురుగు, పూత రాలుడు అన్నీ చూడాలె. మనసు విరుగుతది. ఆకుకూర అట్ల కాదు. మూడు నాలుగు వారాలల్ల చేతికి వస్తది, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో వెంటనే తెలుస్తది, మళ్లీ వేసుకోవచ్చు. పోయేది గుప్పెడు విత్తనం.

మెంతి: వంటింట్ల ఉన్న మెంతులే చాలు. ఒక రాత్రి నానబెట్టి చల్లి, మీద పలుచగ మట్టి కప్పండి. మూడు నుంచి ఐదు రోజులల్ల మొలుస్తది. 20–30 రోజులల్ల కూరకు వస్తది. మొట్టమొదట వేయాల్సింది ఇదే, ఎందుకంటే ఇది మోసం చెయ్యదు.

తోటకూర: విత్తనం ఆవాల కన్న చిన్నది. పిడికెడు ఇసుకల కలిపి చల్లితే గుంపు కాకుండ పడుతది. 25–30 రోజులల్ల కోతకు వస్తది. వేరుతో పీకకుండ నాలుగు వేళ్ల ఎత్తు ఉంచి కోస్తే మళ్లీ చిగురిస్తది.

కొత్తిమీర: ధనియాలను చపాతీ కర్రతో మెల్లగ రుద్ది రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. మొలవడానికి వారం నుంచి పన్నెండు రోజులు పడుతది. ఐదో రోజే మట్టి తవ్వి చూడకండి. చలికాలం బాగ వస్తది, ఎండకాలం పూతకు పోతది.

పుంటికూర: ఎండకు తట్టుకునేది, మన దిక్కుది. 40 రోజులకు కొసలు తుంచవచ్చు, తుంచినకొద్దీ పక్కకు కొమ్మలు వేస్తది. మృగశిర నాడు వేస్తే రాఖీ పున్నమికి, మార్కండేయ రథం తిరిగే నాటికి, ఒక దఫా పచ్చడి తినొచ్చు.

పాలకూర, చుక్కకూర: చలికాలం పంటలు. దసరా అయినంక వేస్తే సంక్రాంతి గడ్డా జాతర దాకా మూడు నాలుగు కోతలు ఇస్తయి.

బచ్చలి, పుదీనా: విత్తనం అక్కరలేదు. బజారుల తెచ్చిన కట్టల గట్టి కాడ ఒకటి తీసి, కింది ఆకులు తుంచి, తడి మట్టిల గుచ్చండి. వారం పది రోజులు నీడల ఉంచితే వేరు పోస్తది. బచ్చలి తీగను కిటికీ చువ్వలకు పాకించవచ్చు.

అన్నీ ఒక్కరోజే వేయకండి. మెంతి ఈ వారం ఒక తొట్టిల, పది రోజులైనంక ఇంకొక తొట్టిల వేస్తే, ఒకటి అయిపోయేసరికి రెండోది అందుకుంటది.

విత్తనాల దుకాణంల మన పేర్లు చెప్తే కొందరికి తెలవదు. మరాఠీల అడగాల్సిన పేర్లు ఇవి: తోటకూర – మాఠ్, పుంటికూర – అంబాడీ, చుక్కకూర – చుకా, బచ్చలి – మాయాళూ, గోరుచిక్కుడు – గవార్, బీర – దోడకా, సొర – దూధీ భోపళా. పాకెట్ మీద తారీఖు చూసి కొనండి, పాత విత్తనం మొలవదు. కొన్ని పాకెట్లల్ల విత్తనానికి గులాబీ, పచ్చ రంగు మందు పట్టించి ఉంటరు. అది విషం. పిల్లల చేతికి ఇవ్వకండి, మిగిలితే వంటకు వాడకండి, వేసినంక చేతులు సబ్బుతో కడుక్కోండి.

రెండో మెట్టు కాయకూరలు

ఆకుకూర రెండు మూడు కోతలు తిన్నంక, ఒకటి రెండు డబ్బాలల్ల కాయకూర పెట్టండి. మన ఎండకు తట్టుకునేవి ముందు పెట్టాలె. గోరుచిక్కుడు అందరికంటే గట్టిది, తక్కువ నీళ్లతో బతుకుతది. బెండ విత్తనం రాత్రి నానబెట్టి నేరుగ డబ్బాలనే వేయాలె, 45–50 రోజులకు కాయ ఇస్తది. ఆకు ఈనెలు పసుపు అయి, ఆకంతా పసుపు వలలాగ కనబడితే అది తెల్లదోమ తెచ్చే తెగులు. మందు లేదు, ఆ మొక్క పీకేస్తే మిగిలినవి దక్కుతయి.

వంకాయ, మిరప, టమాట నారు పోసి, 25–30 రోజుల నారును సాయంత్రం పూట నాటాలె. నారు నర్సరీల కూడా దొరుకుతది. టమాట నాటడానికి వానకాలం మొదలు గాని, సెప్టెంబరు, అక్టోబరు గాని మంచిది. ఫిబ్రవరిల నాటితే పూతకు వచ్చేసరికి మన ఊళ్ల 40 డిగ్రీలు ఉంటది. 35 దాటితేనే టమాట పూత నిలవదు, రాలిపోతది. అది తెగులు కాదు, మందు కొడితే పోయేది కాదు. కాలం కాదు, గంతే.

సొర, బీర, కాకర పెట్టినోళ్లు "పూత మస్తుగ ఉంది, కాయ నిలవదు" అంటరు. వీటికి మగ పూలు, ఆడ పూలు వేరువేరుగ పూస్తయి. మొదట్ల వచ్చేవి ఎక్కువగ మగవే, అవి రాలిపోవుడు మామూలే. ఆడ పువ్వు వెనుక చిన్న పిందె ఉంటది, మగ పువ్వుకు ఒట్టి కాడ ఉంటది. బస్తీల తేనెటీగలు తక్కువ కాబట్టి ఆ పని మనమే చేయొచ్చు. మగ పువ్వు తెంపి, రేకులు తీసి, నడిమి పుప్పొడిని ఆడ పువ్వు నడుమ మెల్లగ రుద్దండి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటయి, అప్పుడే చేయాలె. కాకరకు పొద్దుగాల.

కుండీల నడుమ రెండు బంతి మొక్కలు పెట్టండి. జులైల వేస్తే బతుకమ్మకు పూలు వస్తయి, ఆ పూల కోసం వచ్చే తేనెటీగలు కూరలకు కూడా పనిచేస్తయి.

ఎరువు విషయంల ఓపిక కావాలె. 15–20 రోజులకోసారి పిడికెడు వానపాముల ఎరువు మొదట్ల వేసి మట్టి గుల్ల చేస్తే చాలు. పల్లిచెక్క నీళ్లల్ల మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్లకు పదింతల మంచినీళ్లు కలిపి పోయొచ్చు. యూరియా చెంచాలతో పోస్తే ఆకు నల్లపచ్చగ పెరుగుతది గాని కాయ రాదు, ఎక్కువైతే మొక్కే మాడుతది.

పురుగు, తెగులు, బీడీ ఇళ్ల జాగ్రత్త

రోజూ పొద్దుగాల ఆకు తిప్పి అడుగు చూడాలె. పురుగు అక్కడనే మొదలైతది. పేనుబంక, తెల్లటి పిండినల్లి కనబడ్డ రోజే తడి గుడ్డతో తుడిస్తే, జోరుగ నీళ్లు కొడితే సగం పోతది. వారం ఆగితే మొక్కంతా పాకుతది. మిగిలినదానికి లీటరు నీళ్లల్ల 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లండి, వారానికోసారి. ఎండల చల్లితే ఆకు మాడుతది. చల్లినంక నాలుగైదు రోజులు ఆగి, బాగ కడిగి వండుకోండి.

మన ఇళ్లల్ల బీడీ తంబాకు ఎప్పుడూ ఉంటది. తంబాకు నానబెట్టిన నీళ్లు చల్లితే పురుగు చస్తదని చాలామంది చెప్తరు. చస్తది నిజమే. కానీ అదే విషం మనుషులకు కూడా. చర్మం నుంచి కూడా లోపలికి పోతది. తినే ఆకుకూర మీద చల్లనే గూడదు, పిల్లలకు అందే కాడ ఉంచగూడదు.

ఇంకొకటి తక్కువమందికి తెలుసు. టమాట, మిరప, వంకాయ, తంబాకు నాలుగూ ఒక్క కుటుంబం మొక్కలు. తంబాకు ఆకుల ఉండే మొజాయిక్ అనే తెగులు ఎండిన తంబాకుల కూడా బతికే ఉంటది. బీడీలు చుట్టిన చేతులతోనే టమాట, మిరప మొక్కలను ముట్టుకుంటే ఆ తెగులు అంటుకుంటది. ఆకు మీద లేత పచ్చ, ముదురు పచ్చ మచ్చలు పడి ముడుచుకుంటది. దానికి మందు లేదు. కాబట్టి బీడీ పని అయినంక సబ్బుతో చేతులు కడుక్కొని, అప్పుడు మొక్కల కాడికి పోండి. తంబాకు దుమ్ము ఎరువు అని ఆ కుండీలల్ల వేయకండి. చేట దులిపే కాడ ఈ మొక్కలు పెట్టకండి.

ఎండకాలం గడవాలంటే

మార్చి నుంచి జూన్ దాకా కొత్తగ ఏమీ ఎక్కువ వేయకండి. ఉన్నవి బతికించుకుంటే చాలు. పుంటికూర, బచ్చలి, తోటకూర, గోరుచిక్కుడు నిలబడుతయి. కుండీలన్నీ ఒక్క కాడికి జరపండి, ఒకదాని నీడ ఇంకొకదానికి ఉంటది. మీద పాత నూలు చీర పందిరి కట్టండి. మట్టి కనబడకుండ పల్లికాయ పొట్టు గాని, చెరుకు పిప్పి గాని, ఎండు ఆకులు గాని రెండు వేళ్ల మందం కప్పండి. ఈ ఒక్క పనితో నీళ్లు చాలా మిగులుతయి. పొద్దుగాల సూర్యుడు రాకముందు ఒకసారి, అవసరమైతే సాయంత్రం ఒకసారి పోయండి.

నాలుగు రోజులు ఊరికి పోయేటోళ్లకు నూలు వత్తి పనికి వస్తది, అది మన ఇళ్లల్ల కొదవ లేదు. రంగు లేని వృథా నూలు వేలంత లావు పేని, తడిపి, ఒక కొస మూత పెట్టిన నీళ్ల బకెట్‌ల, రెండో కొస మట్టిల నాలుగు వేళ్ల లోతు పెట్టండి. బకెట్ కుండీ కన్న కొంచెం ఎత్తు మీద ఉండాలె. నూలు నీళ్లు గుంజి మెల్లమెల్లగ మట్టికి ఇస్తది. పోయే ముందు ఒక రోజు పెట్టి, మట్టి తడుస్తుందో లేదో చూసుకోండి.

వేరే ఊళ్ల మనోళ్లకు

పైన చెప్పిన కాలం లెక్క సోలాపూర్ లాంటి ఎండ ఊళ్లకు. భివండి, ముంబైల వాన ఎక్కువ. అక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా లేత ఆకుకూర కుళ్లుతది, రేకు కింద పెట్టాలె, కుండీకి రంధ్రాలు ఎక్కువ ఉండాలె, అసలు పంట అక్టోబరు నుంచి. తమిళనాడుల పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అక్కడ ఆడి నెల విత్తనాల కాలం. యానాం, ఒడిశా తీరంల అక్టోబరు, నవంబరు తుపాన్లకు ఎత్తు పందిళ్లు నిలవవు, తీగలను గోడ పొంటి తక్కువ ఎత్తుల పాకించాలె. ఏ ఊళ్ల అయినా పక్క పల్లె నుంచి కూర తెచ్చి అమ్మే అవ్వను అడగండి. ఈ నెల ఏం వేస్తున్నరో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలవదు.

విత్తనం దాచుడు

ప్రతి కూరల మంచి మొక్క ఒకటి కోయకుండ విత్తనానికి వదిలేయండి. తోటకూర, పుంటికూర, మెంతి, గోరుచిక్కుడు నాటువి అయితే అదే గుణం మళ్లీ వస్తది. హైబ్రిడ్ పాకెట్ విత్తనం నుంచి తీసినది అట్లనే వస్తదని నమ్మకం లేదు. నీడల బాగ ఎండబెట్టి, కొద్దిగ బూడిద కలిపి, పొడి సీసాల పోసి పేరు, నెల రాసి పెట్టండి. ఒక్క తోటకూర మొక్క ఇచ్చే విత్తనం చాళ్ అంతటికీ సరిపోతది. ఒక ఇంటోళ్లు పుంటికూర, ఒక ఇంటోళ్లు మెంతి, ఒక ఇంటోళ్లు బచ్చలి పెట్టి మార్చుకుంటే నాలుగు తొట్ల జాగల పది రకాల కూర తినొచ్చు.

ఈ వారం ఏమీ కొనకండి. వంటింట్ల బకెట్ ఒక్కటి పెట్టండి. వచ్చే వారం మట్టి కలపండి. ఆ తర్వాతి ఆదివారం పిడికెడు మెంతులు నానబెట్టండి. చల్లేటప్పుడు ఇంట్ల పిల్లలను పక్కన కూసోబెట్టుకోండి.